తప్పులు లేవు

నవంబరు 3, సోమవారం

ఈరోజు స్కూలు గ్రూపులో వచ్చిన సందేశాలు ఏడు. ఫోటోలు పదకొండు. మా మనవరాలు గడుగ్గాయి కనిపించినవి రెండు. ఒకదానిలో మోచెయ్యి, ఇంకోదానిలో సగం జడ. సందేశాల్లో "అద్భుతం" నాలుగుసార్లు, "వికసించారు" రెండుసార్లు. పిల్లలు ఏం నేర్చుకున్నారన్నది ఒక్కసారి కూడా లేదు.

మొదటి సందేశం ఉన్నది ఉన్నట్టు: "ఈరోజు మన రెండో తరగతి చిన్నారులు అక్షరాల తోటలో ఆనందంగా విహరించారు." విహరించి ఏ అక్షరం మీద వాలారో చెప్పొద్దూ?

ముప్పై ఒక్క ఏళ్లు వాతావరణ కార్యాలయంలో వాన కొలిచి రాసినదాన్ని. "నిన్న మబ్బులు ఆనందంగా విహరించాయి" అని పై ఆఫీసుకు రాసి ఉంటే నన్ను కూడా విహరించమని ఇంటికి పంపేవారు.

అమ్మాయికి చూపిస్తే, ఎంత ముచ్చటగా రాస్తున్నారో అని మురిసిపోయింది. అది ఆస్పత్రి ల్యాబులో పగలంతా రక్తపరీక్షలు చేస్తుంది. అక్కడ కూడా "మీ రక్తం వికసించింది" అని రిపోర్టు ఇస్తున్నావా అని నోటి దాకా వచ్చింది. అల్లుడుగారు అక్కడే ఉన్నారని ఊరుకున్నాను.

ఇంటి చదువు పుస్తకంలో ఎప్పటిలాగే రాసి సంతకం పెట్టాను. ఇరవై నిమిషాలు. చదివింది. తప్పులు లేవు.

నవంబరు 4, మంగళవారం

సందేశాలు ఐదు. అద్భుతాలు మూడు. ఇంటి చదువు ఇరవై నిమిషాలు, తప్పులు లేవు.

నవంబరు 6, గురువారం

ఇక ఉండబట్టలేక గ్రూపులో నేనే రాశాను. ఈ వారం పిల్లలకు ఏం నేర్పారు, ఎంతమందికి వచ్చింది, ఎంతమందికి రాలేదు, రానివాళ్లకు ఏం చేస్తున్నారు. నాలుగే ప్రశ్నలు, అంకెలు వేసి మరీ. కింద, నిన్నటి సందేశంలోని మూడు అచ్చుతప్పులు సరిచేసి పెట్టాను. ఒకావిడ చేతులు జోడించిన బొమ్మ పెట్టింది. అది మెచ్చుకోలో, ఇక వదిలెయ్యండి అనడమో తెలియలేదు.

అమ్మాయికి సిగ్గేసిందట. "అమ్మా, గ్రూపులో అందరూ ఉంటారు" అంది. అందుకే కదా అందులో రాసింది.

సాయంత్రం టీచరమ్మ నాకు విడిగా రాసింది. పాపం చిన్నపిల్లే, ఇరవై ఐదేళ్లు కూడా ఉండవు. "మీ పాప చక్కగా చదువుతోందండీ. మీ ఇంటి చదువు పుస్తకం మా క్లాసుకే ఆదర్శం."

ఈ స్కూలు నుంచి ఇన్ని నెలల్లో వచ్చిన మొదటి ఖచ్చితమైన సమాచారం ఇది. ఒక్క అచ్చుతప్పు లేదు. అమ్మాయికి చదివి వినిపించాను. అల్లుడుగారికి కూడా వినిపించాను, ఆయన అడగకపోయినా.

నవంబరు 10, సోమవారం

డిసెంబరు 5న కుటుంబాల దినం. పిల్లలు ఏం నేర్చుకున్నారో తల్లిదండ్రులకు ఆరోజు చూపిస్తారట. ఇంటి చదువు పుస్తకంలో అందరికంటే ఎక్కువ నిమిషాలు చదివిన పాప, కొత్త కథల పుస్తకంలోంచి మైకులో ఒక పేజీ చదువుతుంది. ఆ పాప ఎవరో కాదు, మా గడుగ్గాయే.

అమ్మాయి ఆరోజుకు సెలవు పెట్టేసింది. వియ్యపురాలికి ఫోన్ చేసి రమ్మంది. ఆవిడ ఎప్పుడూ, మా వంశంలో పిల్లలందరూ ఐదేళ్లకే పేపరు చదివేవారని అంటూ ఉంటుంది. వచ్చి వింటుంది.

గడుగ్గాయి మాత్రం కడుపునొప్పి అంది. మూడు బిస్కెట్లు తింటే తగ్గింది.

నవంబరు 14, శుక్రవారం

ఒక చిన్న విషయం. రాసి పెట్టుకోవాలి కాబట్టి రాస్తున్నాను.

మామూలుగా కొత్త కథ వస్తే మొదటిసారి నేను చదివి వినిపిస్తాను. తర్వాత అది చదువుతుంది. నేను పేపర్లో పదకేళి నింపుతూ వింటాను. చెవులు రెండూ దానివైపే ఉంటాయి. ఈరోజు పదకేళిలో ఒక మాట తట్టక అటు చూశాను. కుందేలు, తాబేలు సంచి మోసుకెళ్లే కథ. ఆరో పేజీ, ఏడో పేజీ జిగురుతో అతుక్కుపోయి ఉన్నాయి. అది రెండింటినీ కలిపి ఒకే పేజీలా తిప్పింది. అయినా లోపల ఉన్న ఏడు వాక్యాలూ ఒక్క మాట పోకుండా చదివేసింది.

అబ్బ, ఏం జ్ఞాపకశక్తి. మా వైపు నుంచి వచ్చింది.

ఇరవై నిమిషాలు. చదివింది. తప్పులు లేవు.

నవంబరు 15, శనివారం

వాళ్ల వైపు నుంచి కూడా వచ్చి ఉండొచ్చు. ఎటు నుంచి వచ్చినా జ్ఞాపకశక్తి మంచిదే.

నవంబరు 19, బుధవారం

గడుగ్గాయి స్కూలు నుంచి వచ్చేసరికి బల్ల మీద చీటీ పెట్టాను. పెద్ద అక్షరాలతో, ఒత్తులు ఎక్కువ లేకుండా: "నీకు బిస్కెట్లు అలమారలో పై అరలో ఉన్నాయి. తీసుకో." ఊరికే. సరదాకి.

అది చీటీ తీసుకుంది. అటు చూసింది, ఇటు చూసింది. పెదవులు కదిపింది. "భలే రాశావు అమ్మమ్మా" అని మడిచి జేబులో పెట్టుకుంది.

తర్వాత వంటింట్లో నా కొంగు పట్టుకుని, ఇవాళ బిస్కెట్లు లేవా అని అడిగింది.

ఇరవై నిమిషాలు. చదివింది. తప్పులు లేవు.

నవంబరు 21, శుక్రవారం

నిన్నంతా ఆలోచిస్తే అర్థమైంది. కళ్లు. చూపు ఆనకపోతే ఏ పిల్ల మాత్రం ఏం చదువుతుంది? అమ్మాయితో చెప్పకుండా స్కూలు అయ్యాక అటునుంచి అటే కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన చిన్నపిల్లలకు బొమ్మల చార్టు పెడతాడట. ఇల్లు, గొడుగు, చేప. చివరి వరుసలోని చీమంత చేపను కూడా గడుగ్గాయి టకటకా చెప్పేసింది. చూపు దివ్యంగా ఉందన్నాడు.

ఎందుకైనా మంచిది కళ్లజోడు రాయమని రెండుసార్లు అడిగాను. "కళ్లజోడు కావాల్సింది పాపకు కాదు, మామ్మగారూ" అన్నాడు. నా కళ్ల గురించే అన్నాడనుకుంటాను.

పుస్తకంలో ఈరోజుది కూడా రాశాను. ఖాళీ వదిలితే వరస పోతుంది.

నవంబరు 22, శనివారం

అక్షరాలు అట్టముక్కల మీద విడివిడిగా రాసి, కలిపి, బల్ల మీద పరిచాను. గడుగ్గాయిని ఎదురుగా కూర్చోబెట్టి "మ" తీయమన్నాను.

అది కళ్లు మూసుకుని పాడటం మొదలుపెట్టింది. ప, ఫ, బ, భ, మ. ఆగి, గర్వంగా చూసింది. తీయమ్మా అన్నాను. మళ్లీ పాడింది.

అక్షరమాల మొత్తం వచ్చు. పాటగా. వరస తప్పిస్తే గుర్తుపట్టేవి పద్నాలుగు. రెండుసార్లు పెట్టి చూశాను. రెండుసార్లూ పద్నాలుగే.

స్కూల్లో ఎలా చదువుతున్నావని అడిగాను. పక్కన కూర్చునే పాప ముందు చదువుతుందట, తను తర్వాత చదువుతుందట. ఇంట్లో అయితే ముందు నేను చదువుతాను కదా అంది. బొమ్మ చూస్తే ఏ పేజీ వచ్చిందో తెలిసిపోతుందట. దాని దృష్టిలో చదవడమంటే అదే. ముందు ఎవరో చదవాలి, తర్వాత మనం చదవాలి. అందరూ అలాగే చేస్తారనుకుంటోంది.

"మరి ఎవరూ ముందు చదవకపోతే?" అన్నాను.

"అప్పుడు కడుపునొప్పి వస్తుంది" అంది.

నవంబరు 24, సోమవారం

అరవై రోజుల నా రాతల పుస్తకం, స్కూలు సందేశాలను లెక్కవేసిన నా కాగితాలు సంచిలో వేసుకుని వెళ్లాను. టీచరమ్మను కడిగేయాలనే వెళ్లాను. దారిలో మాటలు కూడా పేర్చుకున్నాను. మొదటి వాక్యం: "అమ్మా, ఈ తోటలో తోటమాలి ఉన్నాడా?" బాగా కుదిరిందనుకున్నాను.

నాకు ఇచ్చిన సమయం పది నిమిషాలు. క్లాసులో ముప్పై నాలుగు చిన్న కుర్చీలు. నన్ను కూడా అలాంటి కుర్చీలోనే కూర్చోబెట్టింది. మోకాళ్లు గడ్డానికి తగులుతుంటే మనిషి గంభీరంగా మాట్లాడలేదు. తోటమాలి వాక్యం అక్కడే పోయింది.

మామూలుగానే చెప్పాను. మా పాపకు చదవడం రాదు, మీరేమో చక్కగా చదువుతోందని రాశారు అన్నాను. టీచరమ్మ లేచి, ముందు వరసలో ఉన్న ఒక చిన్న బల్ల చూపించింది. ఆరుగురు పడతారు. పెద్ద మేడం రోజుకు పది ఫోటోలైనా పెట్టమన్నారట. అవి పోగా మిగిలిన గంటలో, ఇంట్లో చదవని పిల్లల్ని ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టుకుని ఒక్కొక్కరితో చదివిస్తుందట.

"మీ పాపను సెప్టెంబరులోనే ఆ బల్ల నుంచి లేపేశానండీ" అంది. "మీరు రోజూ రాసేవారు కదా, తప్పులు లేవని. అంత ఖచ్చితంగా రాసేవాళ్లు మా క్లాసులో ఇంకెవరూ లేరు. మీ రాత చూసే నేను అలా రాశాను."

చక్కగా చదువుతోందంటే చదువులో బాగుందనే అర్థంలో రాశాను, పుస్తకం ఎలాగూ మీ దగ్గర చదువుతోంది కదా అనుకున్నాను అంది. నేను ఆమె మాటను, పాప పుస్తకం చదువుతోందన్న అర్థంలో చదువుకున్నాను. అంటే నేను ఆమెకు రాశాను. ఆమె నా రాతనే తిప్పి నాకు రాసింది. దాన్ని నేను ఇంటిల్లిపాదికీ చదివి వినిపించాను. టీచరమ్మ, నేను, అమ్మాయి ముగ్గురం ఒకరి కాగితం ఒకరు చూసి సంతోషపడ్డాం. పిల్ల వైపు చూసినవాళ్లు లేరు.

నా పుస్తకం చేతిలోకి తీసుకుని పేజీలు తిప్పింది. అరవై రోజులూ ఒకే మాట, ఒకే ఇంకు. నెమ్మదిగా అడిగింది. "చదువుతున్నప్పుడు మీరు పేజీ చూసేవారా అండీ?"

పదకేళి గురించి చెప్పలేదు. పది నిమిషాలు అయిపోయాయి.

నవంబరు 25, మంగళవారం

సందేశాలు లెక్కపెట్టలేదు.

నవంబరు 26, బుధవారం

మైకులో చదవాల్సిన పేజీ ముందుగానే వచ్చింది. పెద్ద మేడం పంపారు. "చిన్నారితో సాధన చేయించగలరు." కొత్త పుస్తకం అన్నారు, అప్పటికప్పుడు ఇస్తామన్నారు. అయితే ఇక్కడ అందరికీ అన్నీ తెలుసన్నమాట.

పన్నెండు వాక్యాలు. నేను ఒకసారి చదివాను. రెండోసారికే గడుగ్గాయి మొత్తం చెప్పేసింది. సాధన చేయించమని స్కూలే రాసింది కదా. ఇది మోసం ఎలా అవుతుంది? అమ్మాయి సెలవు పెట్టుకుంది. వియ్యపురాలు చీర కూడా తీసి పెట్టుకుందట. డిసెంబరు 5 అయ్యాక మొదటి నుంచి నేర్పుకోవచ్చు. ఎవరికీ నష్టం లేదు.

ఇరవై నిమిషాలు. చదివింది. తప్పులు లేవు.

పుస్తకం మూయబోతుంటే గడుగ్గాయి నా పక్కకు జరిగి కూర్చుంది. "అమ్మమ్మా, మైకు దగ్గర నువ్వు నా వెనకాలే ఉండు. వేలు ఎక్కడ పెట్టాలో నాకు తెలీదు. తప్పు చోట పెడితే గిల్లు. గట్టిగా కాదు."

నవంబరు 27, గురువారం

మా ఆఫీసులో ఒక పద్ధతి ఉండేది. తప్పు రాస్తే రబ్బరుతో చెరపకూడదు, దిద్దకూడదు. పాత మాట కనిపించేలా ఒకే ఒక గీత కొట్టి, పైన సరైనది రాసి, పక్కన పొడి అక్షరాలతో సంతకం పెట్టాలి. తప్పు చేసింది ఎవరో, దిద్దింది ఎవరో చూసేవాళ్లకు తెలియాలి.

ఈ ఉదయం ఇంటి చదువు పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాను. "చదివింది" మీద గీత. పైన "అప్పజెప్పింది." సంతకం. "తప్పులు లేవు" మీద గీత. పైన "చూడలేదు." సంతకం. అరవై ఒక్క రోజులు. యాభై నిమిషాలు పట్టింది. ఒకదాన్ని రెండుసార్లు కొట్టేశాను. అది నిన్నటిది.

సాయంత్రం అమ్మాయి చెప్పులు విప్పుతుండగానే పుస్తకం చేతికిచ్చాను. కూర్చోమన్నా కూర్చోలేదు. నిలబడే నాలుగు పేజీలు చూసింది. అరుస్తుందనుకున్నాను. అరిచి ఉంటే బాగుండేది.

"ఊళ్లో అందరి రాతల్లో తప్పులు పడతావు కదమ్మా" అంది. "నేను స్కూలు మాట నమ్మలేదు. నీ మాట నమ్మాను."

తర్వాత గదిలోకి వెళ్లింది. అల్లుడుగారు నాకు మంచినీళ్లు తెచ్చిచ్చారు. ఆ మర్యాద ఇంకా బాధగా ఉంది.

నవంబరు 28, శుక్రవారం

దిద్దిన పుస్తకం టీచరమ్మకు ఇచ్చాను. మైకు దగ్గరికి వేరే పాపను పంపమని కాగితం రాసి పెద్ద మేడం బల్ల మీద పెట్టిందట. గడుగ్గాయి సోమవారం నుంచి ముందు బల్లకు వెళ్తుంది. అక్కడి ఆరుగురిలో ఒక్కరినీ కదపకుండా ఏడో కుర్చీ ఇరికించారు.

అమ్మాయి నాతో ఉప్పు ఉందా, గ్యాసు కట్టేశావా, ఇంతే.

డిసెంబరు 3, బుధవారం

ఇంటి చదువు: ఎనిమిది నిమిషాలు. పక్కన కూర్చుని పేజీ చూస్తూ విన్నాను. నాలుగు మాటలు చదవబోయింది. మూడు తప్పులు. చివరికి పుస్తకం విసిరేసింది. నేను కూడా విసిరేసేదాన్నే, పెద్దదాన్ని అయిపోయాను.

డిసెంబరు 5, శుక్రవారం

హాలు నిండిపోయింది. వియ్యపురాలు ముందు వరసలో. విషయం ఆవిడకు ఎవరూ చెప్పలేదు. నేను చెప్తానని అమ్మాయి, అమ్మాయి చెప్తుందని నేను.

పెద్ద మేడం మైకు అందుకుని పాతిక నిమిషాలు వికసించారు. తర్వాత, ఇంటి చదువులో మొదటి స్థానం అంటూ మా గడుగ్గాయినే పిలిచారు. టీచరమ్మ గోడ పక్కన నిలబడి చేతులు అడ్డంగా ఊపుతోంది. పెద్ద మేడం చూస్తే కదా. టీచరమ్మ రాసిన కాగితం ఆ బల్ల మీద అలాగే ఉందట, వారం రోజులుగా. స్కూల్లో చదవడం రానిది మా పిల్లకు ఒక్కదానికే కాదు.

గడుగ్గాయి లేచింది. నేను కూడా లేవబోయాను. అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఆపింది. వారం తర్వాత అది నన్ను ముట్టుకోవడం అదే మొదటిసారి.

పుస్తకం చేతికిచ్చారు. పిల్ల ఆ పేజీని చూసింది. ఆ పన్నెండు వాక్యాలూ దానికి వచ్చు. మొత్తం అప్పజెప్పి చప్పట్లు కొట్టించుకుని దిగిపోవచ్చు. మైకు దానికి ఎత్తు ఎక్కువ, మునివేళ్ల మీద నిలబడింది.

"నాకు ఇంకా చదవడం రాదండీ" అంది. "పద్నాలుగు అక్షరాలొచ్చు. ఇందులో అవి ఎక్కడున్నాయో చూపించనా?"

హాలంతా నవ్వింది. ముద్దొచ్చి నవ్వారు. పెద్ద మేడం మైకు లాక్కుని "ఎంత వినయమో చూడండి" అన్నారు. ప్రశంసాపత్రం ఎలాగూ అచ్చు వేయించారు కాబట్టి చేతికిచ్చి, ఫోటో తీయించి, దింపేశారు. పిల్ల ఒక్క అక్షరం కూడా చూపించలేదు.

వచ్చి నా ఒళ్లో ఆ కాగితం పెట్టింది. "దీని మీద ఏం రాసుంది?"

"ఉత్తమ పాఠకురాలు."

"అంటే?"

"బాగా చదివే పాప అని."

"అయితే ఇది వేరేవాళ్లది" అంది.

సాయంత్రం 5.40కి గ్రూపులో ఫోటో వచ్చింది. "మన చిన్నారి ఈరోజు అద్భుతంగా చదివి అందరినీ అలరించింది." నేను 5.52కి కింద రాశాను. అచ్చుతప్పుల జోలికి పోలేదు. "మా పాప ఈరోజు చదవలేదు. తనకు చదవడం రాదు. వరస తప్పిస్తే పద్నాలుగు అక్షరాలు గుర్తుపడుతుంది. ఇంతకాలం చదివిందని సంతకం పెట్టింది నేను, చూడకుండా. - అమ్మమ్మ."

పది నిమిషాలకు ఒకాయన, ఇది గ్రూపులో రాయాల్సిన విషయమా అని కోప్పడ్డాడు. ఆ కింద మరొక సందేశం, మా అమ్మాయి పేరు మీద. పక్క గదిలోంచి. "మా అమ్మ రాసింది నిజం. నేను కూడా చూడలేదు."

అప్పుడు మొదలైంది. మావాడికీ రాదు, ఆ సంతకాలన్నీ బస్సులో పెట్టేదాన్ని అని ఒకావిడ. మా పాప పేజీ తిప్పేది, నేను ఫోన్ చూసుకునేవాణ్ణి అని ఒకాయన. మా ఇంట్లో మాకే చదవడం రాదు, టీచరమ్మ రాసినవి పక్కింటివాళ్లు చదివి చెబుతారు అని ఎవరో గొంతు రికార్డు చేసి పెట్టారు. మొదట కోప్పడిన ఆయన మళ్లీ వచ్చి, మా వాడికి ఎన్ని అక్షరాలొచ్చో ఎలా తెలుసుకోవాలి అని అడిగాడు. మొత్తం తొమ్మిది మంది. పదో మనిషి ఏదో రాస్తున్నట్టు కనిపించింది.

6.31కి గ్రూపు మూశారు. "ఇకపై ఇందులో స్కూలువారు మాత్రమే సందేశాలు పంపగలరు."

వియ్యపురాలు వెళ్లేటప్పుడు నా దగ్గర ఆగింది. వాళ్ల వంశంలో పిల్లలు ఐదేళ్లకే పేపరు చదివేవారన్న మాట గురించి. "పేపరు పట్టుకునేవారు" అంది.

డిసెంబరు 9, మంగళవారం

ముందు బల్ల దగ్గర ఇప్పుడు పదహారు మంది. టీచరమ్మ రెండు జట్లుగా కూర్చోబెడుతోందట. పెద్ద మేడం టీచరమ్మను పిలిచి సంజాయిషీ అడిగారు. మేం పది ఇళ్లవాళ్లం రేపు పొద్దున్నే వెళ్లి పెద్ద మేడాన్ని కలుస్తున్నాం. మాట్లాడేది నేను కాదు, బస్సులో సంతకాలు పెట్టే ఆవిడ. నాకంటే బాగా చెబుతుంది.

ఇప్పుడే అమ్మాయి డ్యూటీ నుంచి వచ్చింది. నేను కూరగాయలు తరుగుతున్నాను. కత్తిపీట పక్కనే నేల మీద కూర్చుంది. "ఇవాళ్టికి ఎన్ని?" అని అడిగింది.

పదిహేను అన్నాను.

"కొత్తది ఏది?"

"వ. కానీ రెండుసార్లకు ఒకసారి దాన్ని ప అంటోంది."

అమ్మాయి తలూపింది. సరే, రేపు పొద్దున ఆ రెండూ నేను చూస్తాను అంది.